ఈ గురువారం డిపో మేనేజరు అడగలేదు

దాన్బికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తెలిసిన మనిషి ఎవరైనా మాట్లాడడం మానేయడం, మానేశారన్న సంగతి ఎవరికీ పట్టకపోవడం. దయ్యాలంటే ఆమెకు భయం లేదు. అత్తగారంటే ఉంది కానీ అది వేరే జాతి భయం. పిల్లాడు నిద్రలో కాసేపు కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషి ఆమె. పిల్లాడికి ఏడాది నిండబోతున్నా ఆ వేలికి ఇంకా విశ్రాంతి దొరకలేదు.

ఆ శుక్రవారం పొద్దున ఆమె అనుకున్న పనులు చాలా మామూలువి. పిల్లాడు హన్సోల్‌కు టీకా వేయించాలి. వచ్చేటప్పుడు ఒక ముల్లంగి కొనాలి. మధ్యాహ్నం అత్తగారు కిమ్చి పచ్చడి డబ్బాలతో దిగేలోపు సింకులో గిన్నెలు తోమేయాలి. తలుపు తాళం నంబరు అత్తగారికి తెలుసు కాబట్టి ఇంట్లో లేనని తప్పించుకునే దారి కూడా లేదు.

"టీకా అయ్యాక ఫోన్ చెయ్యి" అన్నాడు గిడ్డంగి డ్యూటీకి బయలుదేరుతున్న భర్త.

"ఎందుకు?"

"ఏడుపు ఆగిందో లేదో చెబుతావని."

"వాడిదా, నాదా?"

అతను ఇద్దరి వైపూ చూసి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరిదీ అని అర్థం.

నిజానికి దాన్బి మనసు నిన్నటి సాయంత్రం దగ్గరే ఆగిపోయి ఉంది. ఆమె ఫోన్‌లో 'చివరి స్టాపు' అనే ఆట ఒకటుంది. అందులో పొగమంచు కమ్మిన దీవి, దాని చుట్టూ ఒకటే రోడ్డు, ఆడేవాళ్ళకు తలా ఒక డొక్కు బస్సు. దీవిలోని ముసలమ్మలను సంతకు చేర్చాలి, మళ్ళీ ఇంటికి తేవాలి. అంతే. గెలవడం లేదు, ఓడడం లేదు. దేశం మొత్తం మీద ఆ ఆట ఆడేది ఓ మూడు వందల మంది. తయారుచేసేది ఒక్క మనిషి. అసలు పేరేమిటో తెలియకపోయినా అందరూ అతన్ని డిపో మేనేజరు గారంటారు.

డిపో మేనేజరు గారిని ఎవరేది అడిగినా చేసేస్తాడు. మొదట్లో పిల్లిని కూడా బస్సెక్కించాలని ఒకరడిగితే మరుసటి వారం పిల్లి ఎక్కింది. పిల్లికి టికెట్ ఏమిటని ఇంకొకరు గొడవపడితే పిల్లి ప్రయాణం ఉచితమైంది. పోయిన చలికాలం, పాలు పట్టడానికి రాత్రీ పగలూ లేవాల్సి వచ్చి దాన్బికి బతుకంతా బూడిద రంగులో కనిపించిన రోజుల్లో, గాలి తగలకుండా కూర్చుని పిల్లాడికి పాలిచ్చుకునే చోటు దీవిలో ఒకటుంటే బాగుండునని రాసింది. కొన్ని నెలలకి ఆఖరి స్టాపు వెనకాల, సముద్రానికి వీపు తిప్పి ఒక బల్ల వెలిసింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఆమె ఫోన్‌కు దండం పెట్టుకుంది. ఇంట్లో ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ప్రతి గురువారం సాయంత్రం అతను ఆ వారం ఏమేం బాగుచేశాడో రాస్తాడు. చివర్లో తప్పకుండా "అన్నం తిన్నారా?" అని అడుగుతాడు. అందరూ "తిన్నాం" అంటారు. ఎనిమిదేళ్ళుగా ఇదే ఆచారం. నిన్న మాత్రం "బ్రేకు శబ్దం సరిచేశాను" అని రాసి ఊరుకున్నాడు. దాని కింద ఏమీ లేదు.

దాన్బి చదువు పదకొండో తరగతి మధ్యలో ఆగింది. అమ్మ కోడి వేపుళ్ళ కొట్లో నూనె మూకుడు ముందు నిలబడడానికి మనిషి కావాల్సి వచ్చింది. అందుకని ఆ ఆటగాళ్ళ చర్చల్లో పేజీలకు పేజీలు రాసేవాళ్ళ మధ్య నోరు విప్పాలంటే ఆమెకు జంకు. అయినా నిన్న ఒక్క ముక్క రాసింది. "ఈసారి ఆయన అడగలేదు."

అంతే. నిప్పురవ్వ గడ్డివామిలో పడింది.

"మర్చిపోయుంటాడులేమ్మా" అన్నాడు ఎండుచేప. ఆ గుంపుకు పెద్ద అతనే. ఎండుచేప అన్నది అతను అక్కడ పెట్టుకున్న పేరు. బయట నిజం బస్సు డ్రైవరు. రోజంతా బస్సు నడిపి, ఇంటికెళ్ళి సేదతీరడానికి మళ్ళీ బస్సే నడుపుతాడు.

"ఎనిమిదేళ్ళు మర్చిపోని మనిషి నిన్ననే మర్చిపోయాడా అన్నా?" అంది నిద్రమత్తు. ఆమె సర్కారు ఉద్యోగం పరీక్షకు మళ్ళీ మళ్ళీ కూర్చుంటున్న పిల్ల. చదువు తప్ప అన్నీ వెంటనే చేస్తుంది.

"బ్రేకు శబ్దం గురించి పోయిన చలికాలమంతా మనం అతన్ని కాల్చుకు తిన్నాం" అని ఇంకెవరో రాశారు.

చివరికి నిద్రమత్తే తేల్చింది. "సినిమావాళ్ళ షూటింగులకి అభిమానులు కాఫీ బండి పంపుతారు కదా. రేపు పొద్దున, ఆటల కంపెనీలన్నీ ఉండే పంగ్యోలో, ఆయన ఆఫీసు ముందు అలాంటిది ఒకటి పెట్టిద్దాం. కాఫీ తాగడానికైనా బయటికొస్తాడు. మొహం చూస్తే మనకి నిమ్మళం."

అందరూ భేష్ అన్నారు. దాన్బి కూడా అంది.

శుక్రవారం పొద్దున టీకా గదిలో హన్సోల్ వంతు రాకముందే నిద్రమత్తు పంపిన బండి ఫోటో వచ్చింది. అది కాఫీ బండి కాదు, తెర బండి. ఆటల కంపెనీ మీద ఆడేవాళ్ళకు ఒళ్ళు మండినప్పుడు గుమ్మం ముందు నిలబెట్టే బండి. వీపంతా టీవీ లాంటి నల్లటి తెర, దాని మీద నెత్తుటి రంగులో అక్షరాలు నడుస్తున్నాయి: "మేమంతా ఇక్కడే ఉన్నాం. మీరు మాట్లాడేదాకా కదలం."

"నిద్రమత్తూ, ఏంటమ్మా ఇది?" దాన్బి ఫోన్ చేసింది.

"అక్కా, తిట్టకు. కాఫీ బండ్లన్నీ ఏదో షూటింగుకి పోయాయంట. తెర బండి ఉందన్నాడు. పూల బొమ్మలతో లేతరంగులో పెట్టమన్నాను. 'ఆటల కంపెనీకేగా, మాకు తెలుసులేమ్మా, రోజూ చేసే పనే' అన్నాడు."

"ఆయన అసలే దిగులుగా ఉంటే, కిటికీలోంచి ఇది చూస్తే ఏమైపోతాడు?"

అంతలో లోపలికి పిలిచారు. హన్సోల్‌కు సూది గుచ్చారు. వాడు ఏడవలేదు.

ఈలోగా పంగ్యోలో జరగాల్సింది జరిగింది. డిపో మేనేజరు గారి ఆఫీసంటే ఒక పెద్ద భవనం అడుగున, సగం భూమిలో ఉన్న గది. దాని పైన ఏడంతస్తులూ ఒక పెద్ద కంపెనీవి. వాళ్ళది డ్రాగన్ల ఆట, అందులో డబ్బిచ్చి గుడ్డు కొంటే లోపల ఏ డ్రాగన్ వస్తుందో అదృష్టం. తెర బండి వస్తే తమకోసం కాక ఆ సందులో ఇంకెవరికోసం వస్తుందన్నది వాళ్ళ నమ్మకం. మేంగ్ అనే డైరెక్టరు నల్ల కోటు తొడుక్కుని ముగ్గురు మనుషులతో కిందికి దిగాడు. బండి ముందు నడుం విరిగేలా వంగి, "డ్రాగన్ గుడ్లలో మంచివి తగ్గించిన మాట నిజం. తప్పు మాదే" అన్నాడు. ఆ ముక్క అతన్ని ఎవరూ అడగలేదు. అప్పటిదాకా ఎవరికీ తెలియదు కూడా.

బండి డ్రైవరు నోట్లో కింబాప్ అన్నపు చుట్ట ముక్క అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చుకున్నాడు. "బాబూ, నేను డ్రైవర్ని. నాకు వంగితే మీకు నడుం నొప్పి తప్ప ఏం రాదు."

ఆ దృశ్యాన్ని ఎవరో ఫోన్‌లో పట్టారు. డ్రాగన్ల ఆట ఆడే లక్షల మంది తమకు జరిగిన మోసాన్ని దాన్లోనే మొదటిసారి విన్నారు. అరగంటలో ఇంకో బండి బయలుదేరింది. దాని వెనక మరొకటి.

దాన్బి ఇంటికెళ్ళే మాట మరిచి, ఆస్పత్రి నుంచి పంగ్యో పోతున్నానని గుంపులో రాసింది. ఆస్పత్రి పక్క కొట్లో గుమ్మడికాయ జావ ఒక డబ్బా కొంది. పిల్లాణ్ణి దుప్పటితో వీపుకు బిగించి కట్టుకుంది. ముల్లంగి సంగతి గుర్తురాలేదు. అప్పుడే ఎండుచేప రాశాడు. "నా బస్సు పంగ్యో మీదుగానే పోతుంది. ఆస్పత్రి ఎదురుగా స్టాపులో నిలబడు తల్లీ, వస్తున్నా."

బస్సు ఎక్కుతుంటే డ్రైవరు ఆమెను చూడలేదు. రోడ్డునే చూస్తూ, "నువ్వేనా హన్సోల్ అమ్మవి?" అన్నాడు. నెరిసిన జుట్టు, తెల్లటి చేతి తొడుగులు, గుండ్రటి మొహం. ఎండుచేప పోలిక ఎక్కడా లేదు.

"అవునన్నా. కొంచెం తొందరగా పోనివ్వగలవా?"

"నాకూ కంగారుగానే ఉంది తల్లీ. కానీ టైము కంటే ముందు స్టాపుకి చేరితే ముసలాళ్ళు బస్సు తప్పిపోతారు." అన్నట్టుగానే అతను ప్రతి స్టాపులోనూ ఆగాడు. ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగాడు. ఒకచోట ఒక ముసలమ్మ ఉల్లికాడల కట్టతో నెమ్మదిగా నడిచి వస్తుంటే ఆమె కోసం కూడా ఆగాడు. అద్దంలో అతని కళ్ళు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

దాన్బి ఉండబట్టలేక ఫోన్‌లో ఆట తెరిచింది.

దీవి మీద పొగమంచు దట్టంగా ఉంది. ఆ మంచులో, ఆఖరి స్టాపు దగ్గర మొదలై కొండ మలుపు దాకా, అక్కడి నుంచి పడవల రేవు దాకా, కంటికి ఆనినంత మేర బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటికీ ముందు దీపాలు వెలుగుతున్నాయి. ఎవరూ హారన్ కొట్టడం లేదు. జెజు దీవిలో నారింజ తోటలవాడు వచ్చాడు. ఆస్పత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ వచ్చింది. సైన్యంలో ఉన్న కుర్రాడు ఏ సందు చూసుకున్నాడో, వాడి బస్సూ ఉంది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడని మూడు వందల మంది, ఎవరూ రమ్మనకుండానే, పనులు ఆపుకుని, లేని దీవిలో లేని రోడ్డు మీద, ఒక మనిషి కోసం దీపాలు వెలిగించుకుని నిలబడ్డారు. గుళ్ళోకి అడుగుపెడితే గొంతు దానంతటదే తగ్గిపోతుంది కదా, దాన్బికి అలా అయింది. ఆమె బస్సు ఒక్కటే ఇంకా ఇంటి ముందు ఆగి ఉంది. పిల్లాడికి పళ్ళొచ్చే గొడవలో మూడు రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. నడిపి తీసుకెళ్ళి వరస చివర నిలబెట్టింది.

"ఏం చూస్తున్నావు తల్లీ?" అన్నాడు ఎండుచేప.

"దిగాక నువ్వూ చూడన్నా. నడుపుతూ మాత్రం చూడకు."

పంగ్యోలో బస్సు దిగి సందు మలుపు తిరిగిందో లేదో, దాన్బి ఆగిపోయింది. ఆ భవనం గుమ్మానికి రెండు వైపులా చావింటికి పంపే తెల్ల చామంతుల స్టాండ్లు, మూడు వరసలుగా పూలు పేర్చినవి, నల్ల రిబ్బన్లు వేలాడుతూ బారులు తీరి ఉన్నాయి. జనం గుంపులుగా ఉన్నారు. నల్ల కోటు ఒకాయన తల వంచుకుని నిలబడ్డాడు.

అయిపోయింది అనుకుంది. ఆలస్యం చేశాం, బ్రేకు శబ్దం కోసం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. అక్కడే కూర్చుండిపోయింది. వీపు మీద హన్సోల్ చెయ్యి చాపి దగ్గర్లో వేలాడుతున్న రిబ్బన్ ఒకటి పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది లాక్కోబోతూ దాని మీది అక్షరాలు చదివింది. "మా డ్రాగన్ గుడ్లకు కన్నీటి వీడ్కోలు."

కంపెనీల మీద కోపాన్ని చావు పూలతో చెప్పుకోవడం ఆ ఊళ్ళో ఆటలాడే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. ఆమెకూ తెలుసు. భయంలో మనిషికి తెలిసినవన్నీ ముందు పారిపోతాయి.

ఈలోగా మేంగ్ డైరెక్టరు ఆమెను చూశాడు. చంటిపిల్లాణ్ణి కట్టుకుని, చేతిలో డబ్బాతో, చావు పూల మధ్య నేల మీద కూలబడ్డ ఆడమనిషి. ఇంతకంటే పెద్ద నిరసన అతను తన ఉద్యోగంలో చూసి ఉండడు. పరుగున వచ్చి వంగాడు.

"అమ్మా, లేవండి. మీది ఏ సంఘం?"

"సంఘం లేదండీ. కింద గదిలో ఉండే ఆయన కోసం వచ్చాను."

మేంగ్ తన మనుషుల వైపు చూశాడు. "కింద గదుందా?" వాళ్ళు భుజాలెగరేశారు. తమ కాళ్ళ కింద ఒక మనిషి ఎనిమిదేళ్ళుగా ఒక దీవిని కడుతున్నాడని ఏడంతస్తుల్లో ఒక్కరికీ తెలియదు.

"గుడ్లన్నీ వెనక్కిచ్చేస్తాం తల్లీ. మంచివే ఇస్తాం. ఇంకేం కావాలో చెప్పండి."

"తాళంచెవి" అంది దాన్బి.

భవనం కాపలాదారు గొణుక్కుంటూ తలుపు తీశాడు. దీపం వెలుగుతోంది. కుర్చీ ఖాళీగా ఉంది. మూలన ఖాళీ నూడిల్స్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడ సగం దాకా వచ్చాయి. అన్నం వండుకున్న ఆనవాలు ఎక్కడా లేదు. బల్ల మీద ఫోన్ ఒంటరిగా గిజగిజలాడుతోంది. మూడు వందల మంది పలకరింపులు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే, ప్రతి పలకరింపుకూ అది కొంచెం కదిలి బల్ల అంచుకు జరుగుతోంది. కిందపడబోయే సమయానికి దాన్బి పట్టుకుంది.

గది మధ్యలో, రెండు బల్లలు కలిపి, దీవి ఉంది. అట్టపెట్టెలు కత్తిరించి చేసిన దీవి. కొండ, రేవు, సంత, సముద్రానికి వీపు తిప్పిన చిన్న బల్ల. రోడ్డు పొడవునా వేలిగోరంత కాగితం బస్సులు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఎండుచేప ఉన్నాడు. నిద్రమత్తు ఉంది. సైన్యం కుర్రాడి బస్సు మీద చిన్న టోపీ కూడా గీసి ఉంది.

వెనకాలే వచ్చిన మేంగ్ గొంతు తగ్గించి అడిగాడు. "ఇదంతా ఎంతమంది చేశారు?"

"ఒక్కరేనండీ."

"ఆడేవాళ్ళు?"

"మూడు వందల మంది."

మేంగ్ ఆ కాగితం బస్సుల మీదికి వంగి పేర్లు చదివాడు. "మాకు ముప్ఫై లక్షల మంది" అన్నాడు. "ఒక్కళ్ళ పేరూ తెలీదు."

దాన్బి తన బస్సు కోసం వెతికింది. ఆఖరి స్టాపు దగ్గర లేదు, సంత దగ్గర లేదు. అందరివీ ఉన్నాయి. ఆటలో ఆమె ఇంటి ముందు, ఆమెది ఉండాల్సిన చోట, బంక మరక ఒక్కటే మిగిలింది. బల్ల కిందికి వంగి వెతుకుతుండగా ఆమె సొంత ఫోన్ మోగింది. అత్తగారు.

"హన్సోల్ అమ్మా, ఎక్కడ తిరుగుతున్నావు? సింకు నిండా గిన్నెలు."

"అత్తయ్యా, వచ్చి తోముతాను. ఇక్కడ ఒకాయన కనిపించడం లేదు."

"అక్కడ కనిపించనివాడు ఇక్కడున్నాడేమో చూసుకో. జుట్టు భుజాల దాకా, చేతిలో గుమ్మడికాయ జావ. పేరు తక్ సంగ్యు అంట, నీ ఫోన్‌లో బస్సుల ఆట తనదేనంట. నువ్వు తిన్నావో లేదో చూసి పోతానంటాడు. దొంగేమోనని ముందు గరిటె ఎత్తాను. తరవాత ఆ గరిటెతోనే అన్నం పెట్టాను."

దాన్బి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుండిపోయింది. "ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"మూడో గిన్నె తింటున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. నా కిమ్చి ఘాటేమో అనుకున్నాను, కాదంట. 'బాబూ, నువ్వు తిన్నావా?' అన్నాను, ఆ ఒక్క ముక్కకే. ఏం మనుషులే మీ ఆటలవాళ్ళు? ఆమాత్రం అడిగేవాళ్ళు లేరా ఇతనికి?"

దాన్బికి ఎనిమిదేళ్ళ గురువారాలు కళ్ళ ముందు నిలబడ్డాయి. అతను అడిగాడు. మూడు వందల మంది తిన్నామన్నారు. పిల్లి టికెట్ గురించీ బ్రేకు శబ్దం గురించీ అడిగారు. మీరు తిన్నారా అని తిరిగి అడగడం ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

గుంపులో రాసింది. "దొరికారు. మా ఇంట్లో ఉన్నారు. అన్నం తింటున్నారు." మరుక్షణం ఫోన్‌లోని దీవి మీద అన్ని బస్సులూ ఒక్కసారి హారన్ కొట్టాయి. ఆ మోతకు హన్సోల్ ఉలిక్కిపడి, టీకాకు ఏడవని ఏడుపు మొత్తం అప్పుడు ఏడ్చాడు.

ఆమె ఇల్లు చేరేసరికి తక్ సంగ్యు సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతున్నాడు. సన్నటి మనిషి, వెలుతురు చూసి చాలాకాలమైన రంగు. ఆమెను చూడగానే సబ్బు చేతులతోనే వంగి దండం పెట్టాడు.

"క్షమించండి. మీరు రాసింది మొన్ననే చదివాను."

"నేనేం రాశానండీ?"

"'ఏమీ తినాలనిపించడం లేదు, అన్నం తిన్నారా అని ఆ ప్రశ్న చూస్తే ఏడుపొస్తోంది' అని."

దాన్బికి లీలగా గుర్తొచ్చింది. "అది పోయిన చలికాలం కదండీ. తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మందులు వాడాను. ఇప్పుడు బానే తింటున్నాను."

"నేను అందరివీ వరసలోనే చదువుతాను. ముందొచ్చినవాళ్ళని దాటి పోకూడదు కదా. ఎనిమిది నెలలు వెనకబడ్డాను. ఇన్ని గురువారాలూ మిమ్మల్ని ఏడిపిస్తూనే ఉన్నానని తెలిసి ఆ మాట తీసేశాను. చూస్తే మీ బస్సు మూడు రోజులుగా కదల్లేదు. అప్పుడెప్పుడో బాబుకి నేను మేజోళ్ళు పంపిన మీ అడ్రసు ఉంటే పొద్దున్నే బయలుదేరాను. కంగారులో ఫోన్ మర్చిపోయాను." చొక్కా జేబులోంచి వేలిగోరంత కాగితం బస్సు తీసి బల్ల మీద పెట్టాడు. "వెతకడానికి వెళ్తూ దీన్నొక్కదాన్నే అక్కడ వదిలేయడం బాగోలేదనిపించింది."

"మీరు బయటికొచ్చి ఎన్నాళ్ళయింది?" అంది దాన్బి.

అతను గిన్నె వైపు చూశాడు. "పెద్దగా గుర్తులేదండీ."

రెండు డబ్బాల గుమ్మడికాయ జావ ఎదురెదురుగా చల్లారిపోయి ఉన్నాయి. అత్తగారు రెండూ ఒకే గిన్నెలో పోసి వేడిచేసింది. "ఇద్దరూ కూర్చోండి" అంది. "ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడం అయ్యాక తినడం కూడా అవనివ్వండి."

ఇప్పుడు తక్ సంగ్యు మంగళవారాలు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు, ఎండుచేప బస్సులోనే. మేంగ్ గుడ్లన్నీ వెనక్కిచ్చాడు. చంటిపిల్లాణ్ణి కట్టుకొచ్చి తమకు న్యాయం చేసిన వీరనారి ఎవరా అని డ్రాగన్లవాళ్ళు ఇంకా వెతుకుతున్నారు. ఆ వీరనారి ముల్లంగి మర్చిపోయినందుకు అత్తగారి దగ్గర ఇంకా మాట పడుతోంది. తరవాతి గురువారం ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. కింద మూడు వందల జవాబులు, అన్నీ ఒకటే: "తిన్నాం. మీరు?"

ఇది చదువుతుంటే, ఎప్పుడూ పలకరించేవాళ్ళు ఈమధ్య పలకరించడం లేదే అని ఎవరైనా గుర్తొచ్చారా? ఒకసారి ఫోన్ చేసి అన్నం తిన్నారా అని అడగండి. ఎత్తకపోతే జావ పట్టుకుని వెళ్ళండి. బండి మాత్రం పంపకండి.